అనాకిన్ పతనం ఏ రాత్రి మొదలైంది?

జార్జ్ లూకాస్ మొదలుపెట్టిన 'స్టార్ వార్స్' సినిమాలను మన పిల్లలు ఇప్పుడు సెల్‌ఫోన్లలో చూస్తున్నారు. చూసినవాళ్లెవరూ డార్త్ వేడర్‌ను మరచిపోరు. నల్ల ముసుగు, యంత్రంలోంచి వచ్చినట్టుండే ఊపిరి. 1977లో వచ్చిన మొదటి సినిమాలో అతను ఒట్టి దుర్మార్గుడే. 1999 నుంచి 2005 వరకు వచ్చిన మూడు సినిమాలు ఆ ముసుగు వెనక ఉన్న మనిషి కథ చెప్పాయి. అతని పేరు అనాకిన్ స్కైవాకర్. తల్లి మీద ప్రాణం పెట్టుకున్న మంచి పిల్లవాడు అంత చెడ్డవాడు ఎలా అయ్యాడు, ఎప్పుడు అయ్యాడు? 'ఎప్పుడు' అన్నదానికి సినిమా చెప్పే జవాబు మనకు సరిపోదు.

సినిమా జవాబు 2005 నాటి 'రివెంజ్ ఆఫ్ ది సిత్'లో ఉంది. భార్య పద్మే ప్రసవంలో చనిపోతుందని అనాకిన్‌కు కలలు వస్తాయి. ఆమెను బతికించే దారి ఉందని పాల్పటీన్ ఆశ పెడతాడు. ఆ ఆశతో అనాకిన్ తన పెద్దల్లో ఒకడైన మేస్ విండు చావుకు కారణమై, పాల్పటీన్ ముందు మోకరిల్లుతాడు. కొత్త పేరు తీసుకుని, జెడై ఆలయానికి వెళ్లి పసిపిల్లలను చంపుతాడు. చీకటి, సంగీతం, చూసేవాళ్ల కన్నీళ్లు అన్నీ అక్కడే పెట్టారు.

అంతకు ముందటి సినిమా, 2002 నాటి 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్', ఒకసారి గుర్తు చేసుకుందాం. అనాకిన్ టాటూయిన్ అనే ఎడారి గ్రహంలో బానిసగా పెరిగినవాడు. తొమ్మిదేళ్లప్పుడు క్వై-గాన్ అనే జెడై పందెంలో అతన్ని గెలిచి తీసుకుపోయాడు. తల్లి ష్మీ బానిసగానే మిగిలిపోయింది. జెడై పెద్దలు ఆ పిల్లవాడిని పరీక్షించి, వీడి మనసు తల్లి చుట్టూ తిరుగుతోంది, ఇది ప్రమాదం అన్నారు. ఆ తల్లిని విడిపించుకు వద్దామని ఒక్కరూ అనలేదు. ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లకు, చదువు చెప్పేవాళ్లకు ఈ ముక్క గట్టిగా తగులుతుంది. ఇంటి మీద బెంగను జబ్బుగా చూసే చదువు మనకు తెలియనిది కాదు.

పదేళ్ల తర్వాత అనాకిన్ తల్లిని వెతుక్కుంటూ వస్తాడు. ఆమెను ఒక రైతు విడిపించి పెళ్లి చేసుకున్నాడు. నెల కిందట టస్కెన్లు ఆమెను ఎత్తుకుపోయారు. టస్కెన్లంటే ఆ ఎడారిలో గుడారాలు వేసుకుని బతికే జనం. కొడుకు చేతుల్లోనే ష్మీ చనిపోతుంది. ఆమెను హింసించినవాళ్లు నేరస్థులే, అందులో వాదన లేదు. అనాకిన్ చంపింది వాళ్లను మాత్రమే కాదు. గుడారాల్లో ఉన్న అందరినీ చంపాడు. ఆడవాళ్లను, పిల్లలను కూడా చంపానని తర్వాత తానే పద్మేతో చెప్పి ఏడుస్తాడు. వాళ్లు జంతువులు, జంతువుల్లాగే నరికాను అంటాడు.

విన్న పద్మే ఏమంది? కోపం రావడం మనిషికి సహజమేనని ఓదార్చింది. ఆ సినిమా చివర్లో అతన్ని పెళ్లి చేసుకుంది. ఎంతో దూరాన ధ్యానంలో ఉన్న యోడాకు ఆ రాత్రి ఏదో ఘోరం జరిగిందని తెలిసింది. ఆయన పైకి చెప్పింది మాత్రం అనాకిన్ పడుతున్న బాధ గురించే. గుడారాల్లో జరిగినదాన్ని సరిగ్గా పట్టుకుని దాచుకున్నవాడు పాల్పటీన్ ఒక్కడే. తర్వాతి సినిమాలో, చేతులు తెగి లొంగిపోయిన డూకూను అతను అనాకిన్ చేత చంపిస్తాడు. తప్పు చేశానని అనాకిన్ నలిగిపోతుంటే, పగ తీర్చుకోవడం నీకిది మొదటిసారి కాదు కదా అని ఆ ఎడారి జనాన్ని గుర్తు చేస్తాడు. మంచివాళ్లు పట్టించుకోకుండా వదిలేసినదాన్ని చెడ్డవాడు పనిముట్టు చేసుకున్నాడు.

అందుకే పతనం ఆ గుడారాల దగ్గరే మొదలైందని మనం అంటాం. ఒక జనం మొత్తాన్ని మనుషుల లెక్కలోంచి తీసేసిన చెయ్యి, ఆ తర్వాత ఆలయంలో పిల్లల మీద లేవడానికి కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంది?

ఆ జనానికి సినిమా పెట్టిన పూర్తి పేరు 'టస్కెన్ రైడర్స్'. అంటే దోపిడీగాళ్లు. పేరులోనే నేరం ఉంది. ఇది మనకు సినిమాలో మాత్రమే ఎదురైన సంగతి కాదు. 1871లో బ్రిటిష్ పాలకులు నేరస్థ తెగల చట్టం తెచ్చి, పుట్టుకతోనే దొంగలని కొన్ని జనాలకు ముద్ర వేశారు. మన ఎరుకలవాళ్లూ ఆ జాబితాకెక్కారు. 1952లో చట్టం పోయింది. ముద్ర అంత తొందరగా పోలేదు.

మహాభారతంలో ఖాండవ దహనం కూడా ఇలాంటిదే. అడవి తగలబడుతుంటే పారిపోయే ప్రాణులను కృష్ణార్జునులు తప్పించుకోనివ్వలేదు. అర్జునుడి పతనం అని దాన్ని ఎవరూ అనరు. అయినా ఆ కథ కొందరిని మిగిల్చింది. తల్లిని పోగొట్టుకున్న అశ్వసేనుడు అనే నాగుడు కురుక్షేత్రంలో కర్ణుడి బాణంలో దూరి అర్జునుడి మీదికి వస్తాడు. లూకాస్ టస్కెన్లలో అలాంటివాడిని ఒక్కడినీ మిగల్చలేదు.

1983 నాటి 'రిటర్న్ ఆఫ్ ది జెడై'లో కొడుకు లూక్‌ను కాపాడటానికి వేడర్ చక్రవర్తిని ఎత్తి అగాధంలో పడేస్తాడు, తానూ చనిపోతాడు. చివర్లో ఆత్మగా యోడా పక్కన కనిపిస్తాడు. తండ్రిని కొడుకు క్షమించడం మనకు అర్థమవుతుంది, ఆ దృశ్యం కదిలిస్తుంది కూడా. కానీ లూక్ తన తరఫున మాత్రమే క్షమించగలడు. గుడారాల తరఫున ఎవరు మాట్లాడాలి?

2021 చివర్లో మొదలైన 'ది బుక్ ఆఫ్ బోబా ఫెట్' సిరీస్‌లో టస్కెన్లకు కొంచెం చోటు దొరికింది. ఆ ఎడారిలో ఒకప్పుడు సముద్రాలు ఉన్నాయని, అప్పటి నుంచీ తాము అక్కడివాళ్లమేనని వాళ్ల పెద్ద చెబుతాడు. వాళ్ల నేల మీదుగా పోయే రైలులోంచి వాళ్ల మీద కాల్పులు జరుగుతాయి. బోబా ఫెట్ సాయంతో వాళ్లు ఆ రైలును ఆపుతారు. ఇది రెండో భాగం. మూడో భాగంలో ఆ తెగ మొత్తాన్ని చంపేశారు, కథానాయకుడు ఊళ్లో లేని సమయం చూసి.