బడి వదిలే ముందు ఒకసారి నడిచి రా

నాన్నా,

పదో తరగతి అయిపోయింది. టీసీ చేతికి రాకముందే ఒకపూట, స్నేహితులెవరూ లేకుండా, మన వన్‌టౌన్ అలోషియస్ స్కూలంతా తిరిగి రా. ఫోన్ జేబులోనే ఉండనీ. రోజూ తిరిగిన చోటే కదా తాతయ్యా అంటావు. తిరగలేదురా, బెల్లుకీ బెల్లుకీ మధ్య పరిగెత్తావు.

గేటు దగ్గర ముందు పేరు పూర్తిగా చదువు. సెయింట్ అలోషియస్ ఆంగ్లో ఇండియన్ హైస్కూల్. 1847 నాటి బడి. ఆ 'ఆంగ్లో ఇండియన్' అన్నచోట కాస్త ఆగు. కుంపిణీ దొరల కాలంలో ఎవరి పిల్లల్ని తలుచుకుని పెట్టారో అందులోనే ఉంది. ఆ బెంచీల మీదికి మనవాళ్లు ఎప్పుడు, ఎలా వచ్చారో పాత మాస్టార్లను అడుగు. బడి మీద ప్రేమ ఉన్నవాడు అడగాల్సిన మాటే అది.

ఈ బడి పెట్టిన ఫాదర్లు 1846లో విశాఖ చేరారు. ఆల్ప్స్ కొండల్లోని ఆన్సీ వాళ్లది. అప్పటికి ఆ ఊరు ఫ్రాన్సుది కాదు, సార్డీనియా రాజుది. చలిదేశం మనుషులు మన ఉక్కపోతలో ఎలా నెగ్గుకొచ్చారో గానీ, 1849లో అక్కడి కన్యాస్త్రీలు కూడా యానాంలో దిగారు.

ఆ ఫాదర్ల సభకి పాలక పునీతుడు ఫ్రాన్సిస్ డి సేల్స్. 1594లో షబ్లే అనే ప్రాంతానికి వెళ్తే ఆయన ప్రసంగం వినడానికి జనం రాలేదు. ఆయన గొంతు పెంచలేదు. చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి ఇళ్ల తలుపుల కిందనుంచి లోపలికి తోయించాడు. అందుకే పత్రికలవాళ్లకి కూడా ఆయనే పాలకుడు. నీ క్లాసు గుమ్మంలో నిలబడి, నీతో మాటలు మానేసిన ఆ కుర్రాణ్ణి ఒకసారి తలుచుకో. వాడి మీద అరిచావే గానీ, ఒక్క చీటీ అయినా రాశావా?

అలోషియస్ బొమ్మ కనిపించినచోట మాత్రం తొందరపడకు. జమీందారు ఇంటి పెద్దకొడుకాయన. ఆస్తి తమ్ముడికి వదిలేసి జెసూట్లలో చేరాడు. 1591లో రోమ్‌లో అంటురోగం చెలరేగితే వీధుల్లో పడున్నవాళ్లను ఆస్పత్రికి మోసుకెళ్లాడు. ఆ వాసనకి, ఆ పుళ్లకి మొదట్లో కడుపులో దేవేదట. అయినా మానలేదు. ఆ జబ్బే సోకి జూన్ 21న పోయాడు, 23 ఏళ్లకి. చిత్రకారులు ఆయన చేతిలో లిల్లీపూలు పెట్టి ఊరుకున్నారు. నాకది నచ్చదు. ఆ మోసిన భుజాలు చూడు నువ్వు.

అన్నీ మనసుకి పట్టించుకోవాలని కూర్చోకు. 1609లో అచ్చయిన తన పుస్తకంలో డి సేల్సే చెప్పాడు, తోటలో తిరిగినవాడు నాలుగైదు పూలు కోసుకుని రోజంతా వాసన చూసుకుంటాడని, ధ్యానం చేసినవాడూ అలాగే ఒకటి రెండు మాటలు వెంట ఉంచుకోవాలని. నీకూ ఒకటి చాలు.

ఓపిక ఉంటే రాస్ హిల్ దాకా వెళ్లు. మేరీమాత గుడి, పక్క కొండల మీద వెంకన్న గుడి, దర్గా, కింద హార్బరు అన్నీ కనిపిస్తాయి. మెట్లెక్కాలి, నీళ్ల సీసా పట్టుకెళ్లు. సెలవుల్లో బడి గేటు వేసి ఉంటుంది. ముందురోజే ఆఫీసులో అడిగి పర్మిషన్ తీసుకో, వాచ్‌మన్‌తో గొడవ పడకు.

— తాతయ్య