పిండికోడి, పందెపుకోడి, తెరమీది కోడి

జూదమును మన ధర్మశాస్త్రకారులు రెండు తెగలుగా విభజించిరి. పాచికలు, గవ్వలు మొదలగు ప్రాణము లేని సాధనములతో ఆడునది ద్యూతమనియు, కోళ్లను పొట్టేళ్లను ఎదురెదుర నిలిపి పణమొడ్డి ఆడించునది సమాహ్వయమనియు మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున లక్షణము చెప్పి, రెండింటిని రాజు తన రాష్ట్రమునుండి తొలగింపవలెనని శాసించినది. ఇంత చక్కని విభాగమునకు ఎక్కడనో ఒక కొరత ఉండునని నాకెన్నడును తోచలేదు. సత్తెనపల్లిలో మా యింటి వసారాలో, పదునాలుగేండ్ల నా మనుమడు అరచేత ఇమిడెడు యంత్రములో ఒక కోడిని పోరాడించుచుండగా చూచిన నాడు తోచినది. ఆ కోడి ప్రాణి యందునా, ప్రాణము లేదు. పాచిక యందునా, దానికి పుట్టుక కలదు, పెంపకము కలదు, పౌరుషము కలదు, వాడు పెట్టుకొన్న ముద్దుపేరు కూడ కలదు. వాడాడునది ద్యూతమా, సమాహ్వయమా?

సందేహమునకు కారకుడైనవాడే దానికి వ్యాఖ్యాతయు నయ్యెను. నాలుగు దినములుగా వాడు ఆ యంత్రమును అలమరలో పెట్టి, సాయంకాలము నేను యోగవాసిష్ఠము విప్పుకొను వేళకు వచ్చి నా ప్రక్కన కూర్చుండుచున్నాడు. ఇది వసిష్ఠమహర్షి వాక్కునకు గల ఆకర్షణమని నేను లోలోన పొంగితిని. వాడు వినునది కొంత, చెప్పునది చాల. చెప్పినదంతయు కోడిని గూర్చియే.

ఆట పేరు పోకెమాన్. 1996 ఫిబ్రవరిలో జపాను దేశమున మొదట వెలువడిననాడు అందలి వింతజంతువులు 151. నేడవి వేయికి పైబడినవి. చిన్ననాడు పురుగులను పట్టి సేకరించుటయందు మిక్కిలి మక్కువగల సతోషి తాజిరి యనునతడు ఆ బాల్యక్రీడనే యంత్రములోనికి ఎక్కించెను. మావాని కోడి 2002లో వచ్చిన మూడవ తరమునకు చెందినది. పుట్టుకలో అది టార్చిక్ అను నారింజవన్నె కోడిపిల్ల. 16వ మెట్టున కాంబస్కెన్ అగును. 36వ మెట్టున మణికట్టులనుండి మంటలు చిమ్ము బ్లేజికెన్ అగును. జపానువారు దానిని బషామో అందురు. ఆ పేరు చివరనున్న షామో యను మాట వారి పందెపుకోడిని చెప్పును. ఆ జాతి సయాము దేశమునుండి వచ్చుటచే ఆ దేశనామమే దానికి అంటుకొన్నది. పేరు ఎంత పరదేశీయమైనను, పోలికకు అది మన జాతిపుంజునకు దూరపుచుట్టమే.

దాని బలాబలములు విచిత్రములు. ఆ లోకమున ప్రతి జంతువును పదునెనిమిది తత్త్వములలో ఒకదానికో రెండింటికో చెందియుండును. బ్లేజికెన్ అగ్నియు మల్లవిద్యయు కలిసిన ప్రాణి. అది మంచును కరగించును, ఇనుమును వంచును, బండను బ్రద్దలు చేయును. నీటికి, నేలకు, మనశ్శక్తికి, ఎగురుపక్షులకు లోబడును. తాను పక్షియై యుండి పక్షులకు ఓడుట యేమని నేనడుగగా, "కోడి ఎగరదుగా తాతయ్యా" అని వాడు ఒక్కమాటలో తేల్చివేసెను. కొట్టుబలము 120, కాచుకొనుబలము 70, వేగము 80, అనగా నడిమితరము. దెబ్బ కొట్టగలదు గాని దెబ్బకు ఓర్వలేదు; తనకంటె వేగము గలది ముందుగా కొట్టెనేని దాని ప్రతాపమంతయు బయటపడకమునుపే కూలును.

ఇట్టి ప్రాణి చేత చిక్కినప్పుడు అవివేకి మొదటి క్షణముననే దానిని ఉసికొల్పును. నేర్పరి యట్లు చేయడు. స్పీడ్ బూస్ట్ అను సహజగుణము గల బ్లేజికెన్‌కు ఒక్కొక్క వంతు ముగియగనే వేగము ఒక మెట్టు పెరుగును. ఒక వంతునకు ఒకటిన్నర రెట్లు, రెండు వంతులకు రెండింతలు. కావున నేర్పరి మొదటి వంతున ప్రొటెక్ట్ అను కవచము పట్టించి, ఎదిరి దెబ్బను వృథచేసి, కాలు కదపకయే వేగమును ఆర్జించును. ఆ కవచము వెంటనే రెండవసారి నిలుచుట సందేహము గనుక, రెండవ వంతున ఎదిరి తడబాటు కనిపెట్టి, స్వోర్డ్స్ డాన్స్ అను కత్తుల నృత్యముచే కొట్టుబలమును ఇబ్బడించుకొనును. ఆ మీదట ఎదుట నిలువగల జంతువులు అరుదు. పోటీయాటగాండ్రు పెక్కురు కొన్ని తరముల ఆటలలో దీనిని సామాన్యపందెములలోనికి రానీయక నిషేధించిరనగా దాని యౌద్ధత్యమును ఊహింపవచ్చును.

అయినను అది అజేయము కాదు. దాని గొప్పదెబ్బలు రెండును తన్ను తాను గాయపరచుకొనునవియే. ఫ్లేర్ బ్లిట్జ్ అను మంటలదాడిలో ఎదిరికి చేసిన నష్టమున మూడవపాలు తానును అనుభవించును. హై జంప్ కిక్ అను ఎగిరితన్ను గురితప్పెనా, తన పూర్ణప్రాణమున సగము పోవును. అది నూటికి పదిమార్లు తప్పును. ఎదిరి కవచము పట్టినను తప్పినట్లే. తన కోడి కడపటి పోరున ఓడినది ఇట్లేయని వాడు నిట్టూర్చెను. క్రోధమునకు ఇంత లెక్కపెట్టి చెప్పిన లక్షణమును నేను వేదాంతగ్రంథములలో చూడలేదు.

మరియొక ఎత్తు మాత్రము నన్ను కలవరపెట్టినది. కోడిని నేరుగా దింపినచో దిగుచునే దెబ్బ తినవలసి వచ్చును గనుక, ముందుగా అక్కరతీరిన వేరొక జంతువును ఎదుటికి నెట్టి, అది కూలిన పిమ్మట దొరకిన సందులో కోడిని గాయము లేకుండ ప్రవేశపెట్టుదురట.

"దాన్ని బలిచ్చేస్తాం తాతయ్యా."

"చచ్చిపోతుందా?"

"చావదు. మూర్ఛపోద్ది. సెంటర్‌కి తీసకపోతే మళ్లీ లేచిద్ది."

బలియను మాట వాని నోట ఎంత తేలికగా వచ్చినదో అంత బరువుగా నా చెవిని తాకినది. దానిని అప్పటికి విడిచి, పుట్టుపూర్వోత్తరములు అడిగితిని. ప్రతి జంతువునకు ఆరు గుణములందు సున్న మొదలు 31 వరకు ఏదో ఒక అంకె జన్మతో వచ్చును. దానితోపాటు 25 స్వభావములలో ఒకటి పుట్టును. అందు తటస్థములైన ఐదింటిని విడిచినచో, ప్రతి స్వభావమును ఒక గుణమును పదియవవంతు పెంచి మరియొకదానిని అంత తగ్గించును. ఆపైన సాధనచే ఆర్జించునవి మొత్తము 510. ఏ ఒక్క గుణమునకును 252 మించి చెల్లదు. వినగానే ప్రారబ్ధము, స్వభావము, పురుషకారము అను మూడు మాటలు వాటంతటవే నా మనసున వచ్చి నిలిచినవి. పూర్వజన్మ ప్రయత్నమును నేటి ప్రయత్నమును రెండు పొట్టేళ్లవలె ఢీకొనుననియు, వానిలో బలము గలది గెలుచుననియు వసిష్ఠుడు రామునకు చెప్పిన దృష్టాంతమును వానికి వినిపించితిని. వాడు మెచ్చుకొని, 2016 నాటి ఆటనుండి సీసామూతలను దక్షిణగా ఇచ్చి జన్మాంకెల లోపమును గూడ సరిచేయించుకొనవచ్చునని తెలిపెను. ప్రారబ్ధము అనుభవించియే తీరవలెనన్న ఆచార్యులకు ఈ సీసామూత దొరకలేదు.

మన దేశమున ఈ విద్యకు కుక్కుటశాస్త్రమని పేరు. నల్లనిది కాకి, ఎర్రనిది డేగ, తెల్లనిది సేతు, రెక్కలమీద పసుపుడాలు గలది నెమలి. ఇంకను పర్ల, సవల, కౌజు, మైల, పింగళ, కొక్కిరాయి యని ఈకల వన్నెనుబట్టి పుంజులకు నామకరణము చేసి, ఏ వారమున ఏ పక్షమున ఏ జామున ఏ వన్నె దేనిని గెలుచునో, ఏ దిక్కునుండి బరిలోనికి దింపవలెనో ఆ శాస్త్రము నిర్ణయించును. పంచపక్షి పద్ధతిననుసరించి ఒక్కొక్క పక్షి ఒక్కొక్క సమయమున భోజనము, గమనము, రాజ్యము, నిద్ర, మరణము అను ఐదవస్థలలో ఒకదానియందుండుననియు, రాజ్యములోనున్న పక్షి మరణములోనున్న పక్షిని తప్పక గెలుచుననియు నమ్మకము. జాతిని చూచి చెప్పు విద్య మరియొకటి కలదు. దండి దశకుమారచరితమున ప్రమతి కోడిపందెపు మూకలో నిలిచి, నారికేళజాతి పుంజునకు బలాకజాతి పుంజును ఎదురొడ్డిన తెలివితక్కువకు నవ్వుకొనగా, ప్రక్కనున్న వృద్ధబ్రాహ్మణుడు ఊరకుండుమని సైగ చేయును. ఈ కథను తిక్కనకు అంకితముగా తెనిగించిన కేతన కాలమునాటికే తెలుగువారికి పందెము కొత్తది కాదు. క్రీడాభిరామము ఓరుగంటి వీధులలోని కోడిపోరును వర్ణించినది. ప్రమతి చూపు నాకు నచ్చును. జాముల లెక్క నచ్చదు. ప్రమతి కోడిని చూచెను. జాములు లెక్కించువాడు కోడిని చూడడు. తన పొరపాటును మోయించుటకు కాలము అను కూలివానిని వెదకుకొనును. యంత్రములోని ఆటకు ఈ వెసులుబాటు లేదు. దైవము అక్కడను కలదు: దెబ్బ బలము 85 మొదలు 100 వరకు పదునారు పాళ్లలో ఏదో ఒకటిగా పడును, ఇరువదినాలుగింట ఒకమారు మర్మమున తగులును. కాని ఆ దైవమునకు ఎంత వాటాయో ముందే లెక్క కట్టియున్నది. మిగిలినదంతయు ఆడినవాని పద్దు.

ఈ పద్దు ఎవరిదను ప్రశ్న మా సీమవారికి పుస్తకములలోనిది కాదు. మా ఊర రైలెక్కినచో పిడుగురాళ్ల, నడికుడి దాటి గురజాలమీదుగా మాచర్ల చేరవచ్చును. గురజాల నలగామరాజుది, మాచర్ల మలిదేవరాజుది. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. చాపకూటిలో మాలమాదిగలతో కలిసి కుడిచి, కన్నమదాసును కొడుకుగా ఎంచుకొన్న బ్రహ్మనాయునివంటి విశాలహృదయుడు, ఒక రాజ్యపు భాగధేయమును పుంజు కాలికి ఎట్లు కట్టగలిగెనో నాకు నేటికిని అంతుపట్టదు. కోడి ఓడెను, పందెపు మాట చొప్పున మాచర్లవారు ఏడేండ్లు అడవులు పట్టిరి, గడువు తీరిన పిదప రాయబారమునకు పోయిన అలరాజు చర్లగుడిపాడున చంపబడెను, పండ్రెండవ శతాబ్ది తుదిపాదమున కారెంపూడి కడ నాగులేటి ఒడ్డున బాలచంద్రుడు మొదలు పసివాండ్రతో కూడ వీరులెల్లరు నేలకొరగిరి. పందెమున నాగమ్మ వంచన చేసినదని కొందరు కథకులు చెప్పుదురు. వంచన లేకున్న పందెము న్యాయమైనదగునా?

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయము ఏ కర్మకైనను ఐదు కారణములు చెప్పినది: అధిష్ఠానము, కర్త, కరణము, వివిధచేష్టలు, దైవము. కోడిపోరున బరి అధిష్ఠానము, పుంజు కరణము, దాని ఎగురుట, పొడుచుట చేష్టలు. అర్జునుడు నిమిత్తమాత్రుడగుటకు విని, ప్రశ్నించి, ఒప్పుకొనెను. పుంజు ఆ మాత్రము నిమిత్తము కూడ కాదు, ఏడేండ్ల సంగతి దానికెవరు చెప్పిరి? ఇక మిగిలినవి కర్తయు దైవమును. నాగమ్మయు బ్రహ్మనాయుడును చేసినదేమనగా, తమరి కర్తృత్వమును లేవదీసి దైవపు గదిలో పెట్టి తలుపు మూయుట. గెలుపోటములు కోడి చెప్పినవి, మేము చెప్పలేదని ఇరువురును అనుకొనవచ్చును. నా మట్టుకు, ఒక ప్రాణి స్వభావమును ఎంత చక్కగా ఎరిగినవాడో దాని చేతలకు అంతగా వాడే కర్త యని తోచును. నేర్పు పెరిగినకొలది తప్పించుకొను దారి మూసికొనిపోవును. ప్రతి యేట కార్తిక అమావాస్యకు మొదలగు కారెంపూడి ఉత్సవములలో రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు దినములు ఆ కథను మరల నడిపింతురు. వీరులకు పూనకములు వచ్చును. పందెమొడ్డినవారి పశ్చాత్తాపమునకు అందులో ప్రత్యేకముగా ఒక దినము లేదు.

ఇక బలిమాట. యశోధరుడను రాజు దుస్స్వప్నము కని, జంతుబలికి ఒప్పక, తల్లి నిర్బంధముచే పిండితో చేసిన కోడిని దేవతకు నరికెననియు, ఆ ఒక్క పాపముచే తల్లీకొడుకులు నెమలి, కుక్క మొదలగు జన్మలెత్తి, కట్టకడపట కోళ్లై పుట్టి బాణపు దెబ్బకు చచ్చిరనియు జైనులు చెప్పుకొందురు. సోమదేవసూరి ఈ కథను యశస్తిలకచంపువుగా 959లో పూర్తిచేసినది, వేములవాడ చాళుక్యుల నీడలో, మన గంగాధరలో. పిండికోడికి రక్తము లేదు, నొప్పి లేదు. అయినను సంకల్పహింస హింసయే యని వారి సిద్ధాంతము. ఈ లెక్కన తెరమీది కోడికిని, దానికై బలియైన జంతువునకును నా మనుమడు ఎన్ని జన్మలు బాకీ? చాలసేపు ఆలోచించితిని. యశోధరుని దోషము పిండిలో లేదు. పిండిని నరికి కోడిని నరికిన ఫలమును కోరుటలో ఉన్నది. ప్రాణము లేని వస్తువునకు ప్రాణమును ఆరోపించి, ఆ ప్రాణమును తీసి, దానికి బదులు తనకేదో రావలెనని చేయి చాచెను. పిల్లవాడు కూలిన జంతువును మరల లేపుకొనుటకే పోవుచున్నాడు గాని, దాని మరణమునుండి ఏమియు ఆశింపలేదు. కావున అది సమాహ్వయము కాదు. ఫలాపేక్ష లేనిచో ద్యూతము కూడ కాదు. చదరంగపు ఏనుగు వంటిది.

ఈ తీర్పును సాయంకాలము వానికి వినిపించితిని.

"అయితే నాకు పాపం లేనట్టేనా తాతయ్యా?"

"పందెం కట్టనంతవరకు లేదురా."

వాడు తల వంచుకొని చాప పుల్లలు గిల్లనారంభించెను.

"ఏం కట్టావు?"

"ఓడినోడు ఏడు రోజులు ఆట ముట్టకూడదని."

అలమరలోనున్న యంత్రమువంక నేను చూచితిని, వాడును చూచెను. నాలుగు దినములు గడచినవి. వసిష్ఠునకు ఇంకను మూడు సాయంకాలములు శ్రోత కలడు.