గొప్ప హోటలులో బస చేయవచ్చునా?

చదువవలసిన వాక్యభాగము: లూకా 16:19-31



దేవుని సేవకుడు విలాసమైన హోటలులో బస చేయవచ్చునా? ఈ ప్రశ్న మన గ్రామ సంఘములలో తరచుగా వినబడునదే. మహాసభలకు వచ్చిన ప్రసంగీకులు పట్టణములో పెద్ద లాడ్జిలో దిగినారని తెలిసినప్పుడు కొందరు సణుగుదురు. దైవజనునికి ఆ మాత్రము సౌకర్యము ఉండవద్దా అని మరికొందరు అందురు. ఇరుపక్షములవారును బైబిలునే తెరచి చూపుదురు. కనుక దూరదేశములో ఒక పాదిరిగారు చేసిన బసను ముందు పెట్టుకొని ఈ సంగతిని ఆలోచింతము.

ఐరోపా ఖండమునకు ఉత్తరమున నార్వే దేశమున్నది. దాని రాజధాని ఓస్లో. డిసెంబరు నెలలో అక్కడ ఉదయము తొమ్మిది గంటలకు గాని సూర్యుడు కనబడడు. మధ్యాహ్నము మూడు దాటిన కొద్దిసేపటికే అస్తమించును. ఆ చలినగరపు ప్రధాన వీధిలో, పార్లమెంటు భవనమునకు దగ్గరగా, గ్రాండ్ హోటలు అను పేరుగల పెద్ద హోటలు ఉన్నది. అది 1874లో తెరవబడినది. నాటకకర్త ఇబ్సెన్ తన వృద్ధాప్యములో ప్రతిదినము వచ్చి కూర్చుండిన భోజనశాల దానిలోనిదే. 1901 మొదలుకొని నోబెల్ శాంతి బహుమానము ఓస్లో నగరములోనే ఇవ్వబడుచున్నది. దానిని పొందిన వారికి ఈ హోటలులో బస ఏర్పాటు చేయుట వాడుక. బహుమాన దినమున సాయంకాలము జనులు కాగడాలు పట్టుకొని ఊరేగింపుగా వచ్చుటయు, అతిథి హోటలు బాల్కనీనుండి వారికి చేయి ఊపుటయు, తరువాత గొప్ప విందు జరుగుటయు ఇప్పటి ఆచారము.

1964 డిసెంబరులో ఈ హోటలులో దిగినవారు మార్టిన్ లూథర్ కింగ్ గారు. ఆయన అమెరికా దేశములోని అట్లాంటా నగరమున ఒక బాప్టిస్టు సంఘమునకు కాపరి, ఒక కాపరి కుమారుడు. అప్పటికి ఆయన వయస్సు 35 సంవత్సరములు. భార్యయు, తలిదండ్రులును, తోడి సేవకులును ఆయనతో వచ్చిరి. డిసెంబరు 10న విశ్వవిద్యాలయపు సభామందిరములో నార్వే రాజుగారి సమక్షమున ఆయన బహుమానము స్వీకరించెను.

ఆ బస ఎట్టిదో గ్రహింపవలెనన్న, దానికి ముందు ఆయన జనులకు బస అనునది ఎట్లు దొరికెడిదో తెలిసికొనవలెను. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారిని హోటళ్లలోనికి రానిచ్చెడివారు కారు. చేతిలో డబ్బున్నను గది దొరికెడిది కాదు. ఎక్కడ పండుకొనవచ్చునో, ఎక్కడ భోజనము పెట్టుదురో తెలుపుటకు న్యూయార్కులో విక్టర్ గ్రీన్ అను నల్లజాతి తపాలా ఉద్యోగి 1936లో ఒక చిన్న పుస్తకము అచ్చువేయుట ఆరంభించెను. అది ముప్పది సంవత్సరములు వెలువడినది. ప్రయాణమునకు బయలుదేరు కుటుంబములు దానిని దగ్గర ఉంచుకొనెడివి. హోటళ్లలో చోటియ్యనందున రాత్రి వెంబడి రాత్రి కారులోనే ముడుచుకొని పండుకొనవలసిన దుస్థితిని గూర్చి కింగ్ గారు 1963లో బర్మింగ్‌హాం చెరసాలనుండి రాసిన ఉత్తరములో చెప్పియున్నారు.

అంతకంటె దగ్గర సంగతి ఒకటి గలదు. ఓస్లో ప్రయాణమునకు ఆరు నెలల ముందు, 1964 జూన్ 11న, ఫ్లోరిడా రాష్ట్రములోని సెయింట్ ఆగస్టీన్ పట్టణములో ఒక లాడ్జి భోజనశాలకు వెళ్లి భోజనము అడిగినందుకు ఆయనను పోలీసులు పట్టుకొనిపోయిరి. వారము గడచిన తరువాత ఆ లాడ్జి ఈతకొలనులో నల్లవారును తెల్లవారును కలిసి దిగగా, యజమాని ఆ నీళ్లలో ఆసిడ్ పోసెను. జులై 2న హోటళ్లలో జాతిభేదము చూపరాదని చట్టము వచ్చెను. అట్లాంటాలో 216 గదులుగల ఒక మోటెల్ యజమాని ఆ చట్టము చెల్లదని కోర్టుకెక్కెను. నల్లవారికి గది ఇయ్యవలసినదేనని సుప్రీం కోర్టు న్యాయమూర్తులందరు ఏకముగా తీర్పు చెప్పిన దినము 1964 డిసెంబరు 14. అనగా కింగ్ గారు ఓస్లోలో బహుమానము అందుకొనిన నాలుగవ దినము! దూరదేశములో రాజులు గౌరవించిన మనుష్యునికి, స్వంత పట్టణములో గది పొందు హక్కు అప్పుడే ఖాయమైనది.

ఈ సంగతి మన పెద్దలకు వివరించి చెప్పనక్కరలేదు. టీ హోటలు బయట నిలువబడి త్రాగినవారు, చూరులో ప్రత్యేకముగా ఉంచిన గ్లాసు తామే కడిగి పెట్టినవారు మన సంఘములలో అనేకులు. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగములో 15వ అధికరణము దుకాణములను, భోజనశాలలను, హోటళ్లను పేరుపెట్టి చెప్పి, కులమును బట్టి ఎవరిని ఆపరాదని శాసించెను. 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసెను. అయినను 1955లో శిక్షలు విధించు చట్టము చేయవలసి వచ్చెను. 1959లో కింగ్ గారు మన దేశమునకు వచ్చినప్పుడు, తిరువనంతపురములో హరిజన బాలబాలికల పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికానుండి వచ్చిన తోటి అంటరానివాడని పిల్లలకు పరిచయము చేసెనట. మొదట తనకు మనస్సు చివుక్కుమన్నదనియు, తరువాత తన జనులు గుడిసెలలో మ్రగ్గుట తలంచుకొని ఆ మాట నిజమేనని ఒప్పుకొంటిననియు ఆయన 1965లో తన సంఘమునకు చెప్పెను.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. తన జనులు కారులలో ముడుచుకొని పండుకొనుచుండగా ఆయన గ్రాండ్ హోటలు పరుపుమీద పండుకొనుట తగునా?

తగదనువారు మదర్ తెరెసా గారిని చూపవచ్చును. 1979లో ఆమెకు అదే శాంతి బహుమానము వచ్చినప్పుడు, గౌరవ విందు తనకు వద్దనియు, దానికగు ఖర్చు బీదలకిమ్మనియు ఆమె కోరెను. అట్లే విందు రద్దు చేసి ఆ సొమ్ము ఇచ్చిరి. ఈ క్రియను మేము తక్కువ చేయము. విందులో కూర్చుండియుండిన యెడల ఆమె ఏ బీదలనుగూర్చి మాటలాడెనో వారి ఆకలి ఆ గదిలో ఎవరికిని వినబడకపోవునేమో.

అయితే బాప్తిస్మమిచ్చు యోహాను అరణ్యములో మిడుతలు తినెను. మన ప్రభువు లేవి ఇంటి విందులో కూర్చుండెను. జనులు ఇద్దరిని తప్పుపట్టిరి. బేతనియలో స్త్రీ విలువగల అత్తరు పోసినప్పుడు, దీనిని అమ్మి బీదలకిచ్చిన బాగుండునని గొణిగినవారిని ప్రభువు మెచ్చుకొనలేదు. కాబట్టి విడిచిపెట్టుట ఒక్కటే భక్తి అని చెప్పుటకు మనకు అధికారము లేదు. ఎల్లప్పుడు అవమానము పొందిన జనులకు గౌరవము కలిగినప్పుడు, దానిని నిండు మనస్సుతో స్వీకరించుటయు ఒక సాక్ష్యమే. కింగ్ గారు ఆ హోటలు ముందు ద్వారమున ప్రవేశించినప్పుడు, వెనుక ద్వారమునుండి తరుమబడిన వేలమంది ఆయనతో కూడ ప్రవేశించిరని మా తలంపు.

అయినను దీనితో ప్రశ్న తీరలేదు. ధనవంతుడు, లాజరు అనువారి ఉపమానమును చూడుడి. ధనవంతుడు ఊదారంగు బట్టలు ధరించుట ప్రభువు చెప్పెను గాని, అతడు దొంగిలించెననిగాని, లాజరును కొట్టెననిగాని చెప్పలేదు. లాజరు ఎక్కడ పడియుండెను? అతని యింటి వాకిట. భోజనపు బల్లకును వాకిటికిని మధ్యనున్న దూరము ఎంత? పది అడుగులో, ఇరువది అడుగులో. బ్రతికియుండగా అతడు నడువని ఆ దూరమే మరణము తరువాత దాటశక్యము కాని అగాధమాయెను. ఆమోసు ప్రవక్త కూడ దంతపు మంచములమీద పండుకొనినవారిని గద్దించినప్పుడు, తమ జనుల నాశనమును గూర్చి వారు చింతపడకపోవుటయే నేరముగా చూపెను. మెత్తని పరుపు మనుష్యుని చెరుపునది ఎప్పుడనగా, అది వాకిటనున్నవానిని మరపించినప్పుడు.

కనుక గొప్ప బసను పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలునని మాకు తోచుచున్నది.

మొదటిది: ఈ వాకిట ఎవరు ఆపబడుచున్నారు? గది ఎంత గొప్పదైనను, డబ్బిచ్చి వచ్చిన మనుష్యుని పుట్టుకను బట్టి త్రోసివేయు ఇల్లు దేవుని యెదుట నీచమైనది. పాకయైనను అందరిని చేర్చుకొనునది ఘనమైనది.

రెండవది: ఈ సుఖము ఎవరి చేతులగుండ వచ్చుచున్నది? పెద్ద హోటలులో అతిథికి కనబడని పనివారు అనేకులు. దుప్పట్లు ఉతుకువారు, నేల తుడుచువారు, తెల్లవారకముందే రొట్టె కాల్చువారు ఉందురు. కింగ్ గారు ఓస్లోలో బహుమానము పుచ్చుకొనుచు, విమానము ఎగురుటకు పైలట్లే గాక, పేరు తెలియని నేలమీది పనివారును కారకులని జ్ఞాపకము చేసి, అట్టివారి పక్షముగానే తాను దానిని స్వీకరించుచున్నానని చెప్పెను. పక్క సరిచేసినవారి ముఖము చూచి కృతజ్ఞత చెప్పలేనివాడు ప్రార్థనలో దేవునికి ఏమి కృతజ్ఞత చెప్పును?

మూడవది: తెల్లవారిన తరువాత ఎక్కడికి పోవుదువు? ఇది అన్నిటికంటె గొప్ప ప్రశ్న. బహుమానముగా వచ్చిన 54 వేలకు పైగా డాలర్లను కింగ్ గారు తన జనుల ఉద్యమమునకే ఇచ్చివేసెను. ఓస్లోనుండి వచ్చి నలువది దినములు కాకముందే, 1965 జనవరి 18న, సెల్మా పట్టణములోని ఒక హోటలులో మొదటి నల్లజాతి అతిథిగా పేరు రాయించుకొనుచుండగా, తెల్లజాతివాడొకడు ఆయనమీద పడి కొట్టెను. చివరకు 1968లో మెంఫిస్ నగరమున చెత్త యెత్తు కార్మికులు సమ్మె చేయుచుండగా వారికి తోడు వెళ్లి, నల్లజాతివారి లోరెయిన్ మోటెల్‌లో 306వ గదిలో దిగెను. ఏప్రిల్ 4 సాయంకాలము ఆ గది ముందరి బాల్కనీలో నిలువబడియుండగా ఆయనను కాల్చి చంపిరి. గ్రాండ్ హోటలు ఆయనను కట్టివేయలేదు. ప్రయాణికుడు సత్రములో దిగినట్లు దిగెను, లేచి తన పనికి పోయెను.

మన ఇండ్లలో గ్రాండ్ హోటళ్లు లేవు. అయినను అతిథికి గది ఏర్పరచుట మనకు తెలియనిది కాదు. షూనేములోని ఘనురాలు ఎలీషాకు మేడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము అమర్చెను. నేటికిని గ్రామములలో కాపరి వచ్చినప్పుడు పేద విధవరాలు పెట్టెలో దాచిన క్రొత్త దుప్పటి తీసి నులకమంచముమీద పరచును. ఆ దుప్పటి వద్దనుట వినయము కాదు, ఆమె ప్రేమను త్రోసివేయుట. దానిమీద కూర్చుండి, ఆమె కష్టము వినకుండ లేచిపోవుట అంతకంటె పాపము.

సహోదరులారా, ఒక మాట చెప్పి ముగింతుము. టీ హోటలు వాకిట ఆపబడిన మనము, మన వాకిట ఎవరిని ఆపుచున్నామో చూచుకొనవలదా? ఒక పేటవారి పెండ్లి విందుకు మరియొక పేట విశ్వాసులను పిలువని సంఘములు లేవా? ఒకే పాత్రలోని ప్రభువు బల్ల పుచ్చుకొని, బయటికి వచ్చిన తరువాత ఒకే బంతిని కూర్చుండని వారు లేరా? ప్రభువు జన్మించినప్పుడు సత్రములో స్థలము లేకపోయెను. ఆ సత్రపువాని తప్పును ప్రతి క్రిస్మసునకు మనము చెప్పుకొందుము. ఈ సంవత్సరము క్రిస్మసు ప్రేమవిందు సిద్ధపరచునప్పుడు, పీటలు వేయకముందే వాకిటికి వెళ్లి ఎవరు నిలువబడియున్నారో చూతము. ఉన్నవారిని చేయిపట్టి లోపలికి తెత్తము.

ప్రభువు మన వాకిళ్లను విశాలపరచును గాక. ఆమేన్.