వెన్నునొప్పికి సాక్షి ఎవరు?

ప్రియ చదువరీ, తెగిన చేయి అందరికిని కనబడును. అరిగిన వెన్ను ఎవరికిని కనబడదు. సైన్యమునుండి విరమించి కోట్‌పల్లి వంటి పల్లెకు తిరిగివచ్చిన జవాను ఒకడు కందుల బస్తా ఎత్తలేకపోయెననుకొనుము. "చూడ దృఢముగానే యున్నాడు, ఇదంతయు పింఛను కొరకే" అని అరుగుమీదివారు అనవచ్చును. ఈ మాట న్యాయమా?

మూపున మూటతో కొండదారు లెక్కుట, గతుకుల బాటలలో లారీ ప్రయాణము, బరువైన పెట్టెలు మోయుట – ఇవి ఏండ్ల తరబడి వెన్నుపూసల నడిమి డిస్కును అరగదీయగలవు. నొప్పిని దిగమ్రింగి పని చేసినవాడు ఆసుపత్రికి పోలేదు; కాబట్టి కాగితము లేదు. అయ్యో, అతని ఓర్పే అతనికి విరోధముగా సాక్ష్యమిచ్చుచున్నది!

ఈ చిక్కును న్యాయస్థానము గుర్తించినది. 1982 నాటి పింఛను నిబంధనలను వివరించుచు, 2013లో ధరమ్‌వీర్ సింగ్ అను సిపాయి వ్యాజ్యములో సుప్రీంకోర్టు ఇట్లు చెప్పెను: చేరునాడు ఏ రోగమును వ్రాయబడనియెడల అతడు ఆరోగ్యవంతుడుగా చేరెనని ఎంచవలెను, రుజువు భారము అతనిది కాదు, న్యాయమైన సందేహము కలిగినచో దాని మేలు అతనికే చెందవలెను. అతని వ్యాధి మూర్ఛ. అయినను కనబడని బాధలన్నిటికిని ఆ న్యాయము వర్తించును గదా. 2023లో క్రొత్త నిబంధనలు వచ్చినవి. ఆ తీర్పులోని నీతి మాత్రము పాతబడలేదు.

అయితే అడిగినవారికెల్ల ఇయ్యవలెనా? అట్లు కాదు. వైకల్యము సేవవలన కలిగినదో, సేవవలన హెచ్చినదో, నూటికి ఎంత పాలో మెడికల్ బోర్డు నిర్ణయించును. సొంత పనిలో పడి నడుము నొచ్చినవాడు దానిని సేవకు అంటగట్టినయెడల, ఖజానానే గాక తన తోటి సిపాయిని కూడ దోచుకొనుచున్నాడు. ఒక్క అబద్ధపు దరఖాస్తు పది నిజములపై అనుమానము పుట్టించును.

కావున, జవానూ, సిగ్గుపడక అడుగుము. ఇది భిక్ష కాదు. ఉన్నదానికి మించి చెప్పకుము, తగ్గించియు చెప్పకుము. తిరస్కరించినయెడల అప్పీలు కలదు. 2007 నాటి చట్టముచే ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునలు కలదు.

చదువరీ, నీవు న్యాయాధిపతివి కావు, పొరుగువాడవు. న్యాయస్థానమే సందేహపు మేలును అట్టివానికి ఇయ్యగా, నీవు ఇయ్యకుండుట ఎట్లు? అతని కాగితములు చదివిపెట్టుము. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు అతనితో కూడ వెళ్లుము, అతడు నడువగలిగినంత మెల్లగా.