భరించుట అంటే ఓర్చుకొనుటేనా?



మంచంపట్టిన ఒక తల్లికి దివ్యసత్ప్రసాదం ఇచ్చుటకు వెళ్ళాను. "అమ్మను మేమే భరిస్తున్నాం, ఫాదర్!" అన్నాడు కుమారుడు. ఆమె వింటూనే ఉంది.

‘భరించు’, ‘భారం’ ఒకే సంస్కృత ధాతువు నుండి పుట్టినవి. భరించుట అంటే మోయుట, పోషించుట. మన నోట అది విసుగుతో ఓర్చుకొనుటగా మారిపోయింది.

పునీత పౌలు గలతీయులకు వ్రాస్తూ ఒకరి భారాలు ఒకరు భరించాలంటారు (6:2). వెంటనే, ఎవరి బరువు వారే మోయాలంటారు (6:5). ఇది వైరుధ్యమా? కాదు. గ్రీకు మూలంలో క్రియ ఒక్కటే, ‘బస్తాజో’. బరువుకు వాడిన మాటలే వేరు. మొదటిది ‘బారోస్’, అంటే మనిషిని క్రుంగదీసే భారం. రెండవది ‘ఫోర్తియోన్’, ఎవరి వంతుకు వచ్చిన మూట వారిది. ఆ తల్లి వార్ధక్యం ఆమె ఒక్కతే మోయలేని భారం. ఆమెను చూసుకొనుట కుమారుని వంతు మూట.

ప్రభువు తన సిలువను మోశారని చెప్పేటప్పుడు పునీత యోహాను వాడినది కూడా ఈ క్రియనే (19:17). ఓర్చుకొనేవాడు దూరంగా నిలబడవచ్చు. మోసేవాడు భుజం ఆనించక తప్పదు.

తల్లి మనలను నవమాసాలు ‘మోసింది’ అంటాం. ‘ఓర్చుకొంది’ అని ఎవరమైనా అంటామా?