ఆపే అధికారం ఎవరిది?

జ్ఞానం అందుకునే స్థోమతను తేల్చేది ఇచ్చేవాడా, పుచ్చుకునేవాడా?

ప్రశ్నోపనిషత్తులో పిప్పలాదుడు తన దగ్గరికొచ్చిన ఆరుగురినీ ముందు ఏడాదిపాటు తపస్సుతో, శ్రద్ధతో ఉండమంటాడు. ఆ తర్వాత మీకు నచ్చినట్టు అడగండి, తెలిస్తే చెబుతానంటాడు. గడువు గురువుది, ప్రశ్న శిష్యులది.

కంప్యూటర్‌ను ఫోన్ లైన్‌కు కలిపే 1990ల నాటి మోడెమ్ దగ్గర మాత్రం తీర్పు పూర్తిగా పుచ్చుకునేవాడిదే. కంప్యూటర్ సెకనుకు 57,600 బిట్ల వేగంతో పంపుతుంటే, ఫోన్ లైన్ మీద వెళ్లగలిగేవి 14,400. మిగిలినవి మోడెమ్‌లోని తాత్కాలిక నిల్వ అయిన బఫర్‌లో పేరుకుంటాయి. అది నిండబోతుండగా మోడెమ్ ‘పంపవచ్చు’ అని తెలిపే సీటీఎస్ తీగ మీది సంకేతాన్ని తీసేస్తుంది, కంప్యూటర్ ఆగుతుంది. చోటు దొరికాక సంకేతం మళ్లీ వస్తుంది. ఆగకుండా పంపితే బైట్లు పోతాయి. ఇక్కడ ఆపడం నిరాకరణ కాదు, ప్రతి అక్షరాన్నీ కాపాడుకునే శ్రద్ధ.

మరో పద్ధతిలో వేరే తీగ ఉండదు. ‘ఆగు’ అనడానికి 19, ‘పంపు’ అనడానికి 17 సంఖ్య గల అక్షరాలు డేటా దారిలోనే వెళతాయి. మామూలు పాఠ్యానికి ఇది చాలు. బొమ్మలో సహజంగానే 19 విలువున్న బైటు ఉంటే? దాన్నీ ఆజ్ఞ అనుకుని అవతలివాడు ఆగిపోతాడు. తరగతి గదిలోనూ అంతే: అర్థంకాని పిల్లవాడు ‘సరే సార్’ అంటే, అది జవాబో, ఇక చాలన్న వేడుకోలో గురువుకు తెలిసే దారి లేదు.