కిటికీ ఎవరిది?

ఇల్లు మనది. దానిమీద అప్పూ మనదే. నెలనెలా వాయిదాలు కట్టుకునేదీ మనమే. అలాంటప్పుడు కిటికీకి ఎలాంటి గాజు పెట్టుకోవాలో, దాని బయట రెక్కలు ఉండాలో అక్కర్లేదో చెప్పడానికి మధ్యన సర్కారెవరు? గాలివానకి పగిలితే పగిలేది నా గాజు, తడిసేది నా సోఫా. నా నష్టం నేను పడతాను, మీకెందుకండీ అనబుద్ధవుతుంది ఎవరికైనా.

బి.ఏ.లో తత్వశాస్త్రం చదివినవాళ్ళకి జాన్ స్టూవర్ట్ మిల్ గుర్తుండే ఉంటాడు. 1859లో ‘ఆన్ లిబర్టీ’ అనే చిన్న పుస్తకం రాశాడాయన. ఒక మనిషిని సంఘం బలవంతంగా అడ్డుకోవాలంటే ఒక్కటే కారణం ఉండాలట, ఇతరులకు హాని జరగకుండా చూడటం. అతని మేలు కోసమే అయితే నచ్చజెప్పవచ్చు, బతిమాలుకోవచ్చు, అంతవరకే. సరే, ఒప్పుకుందాం. మరి కిటికీ సంగతి నా ఒక్కదానిదేనా, పక్కవాళ్ళది కూడానా?

దీనికి జవాబు పుస్తకాల్లో కాదు, గాలిలో ఉంది. తుఫాను గాలి గోడల్ని నెడుతుంది, ఇంటికప్పుని పైకి పీలుస్తుంది. గాలి కొట్టే వైపు కిటికీ ఒక్కటి బద్దలైందో, లోపలికి చొరబడ్డ గాలి కిందనుంచి అదే కప్పుని ఎత్తడం మొదలుపెడుతుంది. పైన లాగేవాడొకడు, కింద నెట్టేవాడొకడు అన్నమాట. మన దేశంలో ఇంజనీర్లు వాడే ఐ.ఎస్. 875 మూడో భాగం ఈ లెక్క చెబుతుంది. గోడ వైశాల్యంలో ఖాళీలు నూటికి 5 వంతుల లోపుంటే లోపలి ఒత్తిడికి 0.2 వేసుకోమంటుంది. 20 వంతులు దాటితే 0.7. మూడింతలకు పైమాటే! అలా లేచిపోయిన రేకు మన పెరట్లోనే బుద్ధిగా పడి ఉండదు కదా. వెళ్ళి ఎదురింటివాళ్ళ కిటికీని కొడుతుంది. అది పగిలితే వాళ్ళ కప్పు లేచి ఆ పై ఇంటికి.

అమెరికాలో ఫ్లోరిడావాళ్ళు ఈ పాఠం 1992 ఆగస్టులో ఆండ్రూ అనే హరికేన్ దగ్గర నేర్చుకున్నారు. హరికేన్ అంటే మన తుఫానే, సముద్రం వేరు కనక పేరు వేరు. ఆ తర్వాత మయామీ ప్రాంతంలో కిటికీ గాజో, దాని మీది షట్టరో పరీక్షలో నెగ్గి తీరాలని నియమం పెట్టారు. పరీక్ష ఏమిటంటే, సుమారు 4 కిలోల కొయ్యదుంగని సెకనుకు 50 అడుగుల వేగంతో ఫిరంగిలో పెట్టి దాని మీదికి కొడతారు. ఆ కొయ్య ఏమిటనుకున్నారు? గాలికి ఎగిరొచ్చే పక్కింటి వాసానికి ప్రతినిధి!

మనకీ అనుభవాలు తక్కువేం కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడినప్పుడు అద్దాల భవనాలు అద్దాలు రాల్చుకుని నిలబడ్డాయి. విమానాశ్రయం పైకప్పే చెదిరిపోయింది. అంతకు పదేళ్ళ ముందే, 2004లో, చిన్న ఇళ్ళు తుఫానుకి తట్టుకోవడం కోసం ఐ.ఎస్. 15498 వచ్చి ఉంది. కాని దాని పేరులోనే ‘మార్గదర్శకాలు’ అని ఉంది. అంటే మిల్ గారు చెప్పినట్టు నచ్చజెప్పడం, బతిమాలడం వరకే!

సికింద్రాబాదుకి సముద్రం ఎక్కడ, తుఫానెక్కడ అంటారా? విశాఖకి సెకనుకు 50 మీటర్ల గాలి లెక్క వేసిన ఆ ప్రమాణమే మన జంటనగరాలకి 44 వేసింది. ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి లేచిన సాయంత్రాలు మనకు తెలియనివా? మారేడుపల్లి పాత ఇళ్ళకి చెక్క రెక్కలూ, ఇనప గడియలూ ఉండేవి. గాలి వాసన తగలగానే ఇంట్లో ఆడవాళ్ళు పరుగెత్తి వేసేవారు. ఇప్పుడు ఐదో అంతస్తులో నిలువెత్తు గాజు. కింద వాచ్‌మన్ గది. గాలి మొదలవగానే అతని భార్య దండెం మీది బట్టలు తీసుకోవడానికి ఆ గాజు కిందికే వస్తుంది. అసోసియేషన్ మీటింగులో ఈ మాట వస్తే ‘మా రిస్కు మాదండీ’ అనేస్తాం. ఆ రిస్కు పడబోయే నెత్తి మాత్రం ఆ మీటింగులో ఉండదు. అద్దె ఇళ్ళ సంగతీ అంతే. షట్టరు ఖర్చు పెట్టవలసింది ఇంటాయన, పగిలిన పెంకులు ఏరుకునేది అద్దెకున్న ఇల్లాలు. డబ్బు మిగిలేది ఒకరికి, దెబ్బ తగిలేది ఇంకొకరికి అయినచోట ఎవరిష్టం వారిది అనడం స్వేచ్ఛ కాదు.

అలాగని నియమం ఒకటి పెట్టేస్తే న్యాయం జరిగిపోయినట్టేనా? 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ప్రభుత్వం లెక్కల్లోనే పదివేల దాకా పోయారు. పూరిళ్ళలో ఉన్నవాళ్ళకి కాపాడుకోవడానికి కిటికీ ఏది? సముద్రమే ఇంట్లోకి వచ్చింది. కిటికీ ఉన్నవాళ్ళకి నియమం పెట్టే సంఘం, కిటికీ లేనివాళ్ళకి గట్టి కప్పూ, తలదాచుకునే షెల్టరూ చూపించాలి. రెండోది చెయ్యకుండా మొదటిదే చేస్తే అది ఉన్నవాళ్ళ భద్రత మాత్రమే అవుతుంది.

కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్ళినప్పుడు ఈశాన్యం ఎటో అడుగుతాం, వంటింట్లో తూర్పు ముఖంగా నిలబడి చూసుకుంటాం. ఈ గాజు ఎంత మందం, ఏ గాలికి తట్టుకుంటుంది అని ఎప్పుడైనా అడిగామా? బిల్డరు వింతగా చూస్తే చూడనివ్వండి, ఈసారి అడగండి. అడిగాక, మన కిటికీ కింద వాచ్‌మన్ గది ఎటువైపుందో కూడా ఒకసారి తొంగి చూసి రండి.